రక్షణ అంటే ఏంది? పిల్లలకు ఉత్తరం

బిడ్డలారా,

రక్షణ అంటే పోలీసోళ్లు ఇచ్చేదా అని మీలో ఒకరు అడిగిండ్రు. మంచిగడిగిండ్రు. చర్చిలో ప్రతి ఆదివారం ఆ మాట వింటం గానీ విప్పి చెప్పేటోళ్లు తక్కువ. రక్షణ అంటే పాపం అనే అప్పు నుంచి విడుదల.

అప్పు సంగతి మన పాలమూరు పిల్లలకు కొత్తగ నేర్పే పని లేదు. గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్సు పట్టుకొని, ఊరిడిచి డ్యాముల కాడ మట్టి మోసిన తాతలు చాలా ఇండ్లల్ల ఉన్నరు. బాకీ తీరేదాక మనిషి తన ఇష్టానికి ఇంటికి రాలేడు. యేసు కూడా పాపాన్ని అప్పుతోనే పోల్చిండు. బైబిల్ల మత్తయి సువార్త 18వ అధ్యాయంలో ఆయన చెప్పిన కథలో ఒక దాసుడు రాజుకు పదివేల తలాంతులు బాకీ. తలాంతు, దేనారం అప్పటి డబ్బు లెక్కలు. నోటుబుక్కు తీసి లెక్క కట్టండి. అప్పట్ల ఒక దేనారం ఒక రోజు కూలి. తలాంతుకు దాదాపు 6,000 దేనారాలు. అంటే 6 కోట్ల రోజుల కూలి. ఏడాదికి 300 రోజులు పనిచేసినా 2 లక్షల ఏండ్లు! అయినా వాడు "ఓర్చుకో, అంతా కట్టేస్త" అని కాళ్ల మీద పడ్తడు. మనమూ అట్లనే ఉపవాసాలు, కానుకలు, నాలుగు మంచి పనులు కిస్తుల లెక్క కడ్తున్నమనుకుంటం. రాజు వాడికి గడువియ్యలే. మొత్తం విడిచిపెట్టిండు.

విడిచిపెడితే బాకీ గాలిలో కలిసిపోదు. లక్ష రూపాయల అప్పు నోటు చింపిన షావుకారుకు ఆ లక్ష పోయినట్టే. మన బాకీలో ఆ నష్టం యేసు తన ఒంటి మీద మోసిండు. ప్రామిసరీ నోటు చూసిండ్రు కదా, రెవెన్యూ స్టాంపు మీద వేలిముద్ర ఉంటది. మన మీద ఉన్న అట్లాంటి రుణపత్రాన్ని దేవుడు మేకులతో సిలువకు కొట్టిండని తొలినాటి బోధకుడు పౌలు కొలొస్సయులకు రాసిన ఉత్తరంలో చెప్పిండు (2:14). "సమాప్తమైనది" అని యేసు సిలువ మీద అన్నడు, మూడో నాడు లేచిండు. లేవకపోతే మీరింకా మీ పాపాల్లోనే ఉన్నరని పౌలే అంటడు. అందుకే ఈస్టర్ లేకుండ గుడ్ ఫ్రైడే ఒక్కటే చెప్తే సువార్త సగమే.

మరి మన వంతు? తప్పు ఒప్పుకొని తిరుగుడు, ఆయన్ను నమ్ముడు. బాప్తిస్మం నీళ్లు పాపం కడగవు. నమ్మినమని నలుగురి ముందర చెప్పే సాక్ష్యం అది.

ఇక అందరూ తడబడే చోటు ఒకటుంది. బాకీ మాఫ్ అయిన ఆ దాసుడే బయటికి పోయి, నూరు దేనారాలు, అంటే నూరు రోజుల కూలి బాకీ ఉన్న తోటివాని గొంతు పట్టుకుంటడు. రాజుకు కోపమొచ్చింది దానికి. క్షమాపణ వాని చేతికి అందింది గానీ లోపలికి దిగలే.

జక్కయ్యకు దిగింది. సుంకపు గుత్తదారుడు, పొట్టోడు, మేడిచెట్టెక్కి కూసున్నడు. సగం ఆస్తి పేదలకిస్తనన్నడు, అన్యాయంగ గుంజుకున్నది నాలుగంతలు తిరిగిస్తనన్నడు. లూకా 19లో మొదటి 10 వచనాలు చదవండి. "నేడు నేను నీ యింట నుండవలసియున్నది" అన్న యేసు మాట మీద ఒక వేలు, జక్కయ్య మాట మీద ఇంకో వేలు పెట్టి, ఏది ముందొచ్చిందో చూసి వచ్చే ఆదివారం నాకు చెప్పండి.

మీ తాతయ్య