ధాన్యం ఉన్నచోట ఆకలి

2001 వర్షాకాలంలో ఒడిశాలోని రాయగడ జిల్లా కాశీపూర్ ప్రాంతంలో మామిడి జీడి పిండితో కాచిన జావ తాగి ఇరవై మందికి పైగా చనిపోయారు. టెంక పగలగొట్టి, జీడిని నానబెట్టి, వగరు పోగొట్టి తినడం అక్కడి గిరిజనులకు తరతరాలుగా తెలిసిన పనే. వానకు తడిసి బూజు పట్టిన జీడి మాత్రం విషమవుతుంది. అవి ఆకలి చావులా, విషాహారం వల్ల వచ్చిన చావులా అని అప్పట్లో పెద్ద వాదన నడిచింది. ఆ వాదనకు అర్థం లేదని నా నమ్మకం. ఇంట్లో బియ్యం ఉన్నవాళ్లెవరూ బూజు పట్టిన జీడి వండుకోరు. అదే ఏడాది దేశంలోని ప్రభుత్వ గోదాముల్లో సుమారు ఆరు కోట్ల టన్నుల ధాన్యం మూలుగుతోంది.

పంట చాలకే జనం పస్తులుంటున్నారని చాలామంది అనుకుంటారు. ప్రపంచంలో ఏటా పండే తిండిగింజలను అందరికీ సమానంగా పంచితే మనిషికి రోజుకు దాదాపు కిలో వస్తుంది. అయినా ఐక్యరాజ్యసమితి సంస్థల అంచనా ప్రకారం 2024లో 67 కోట్ల మందికి పైగా ఆకలితో ఉన్నారు. గింజ ఉండటం వేరు, దాన్ని కొనే డబ్బో, అడిగే హక్కో చేతిలో ఉండటం వేరు. 1943 నాటి బెంగాల్ కరువును పరిశీలించి ఆర్థికవేత్త అమర్త్యసేన్ తేల్చింది ఇదే. 1866లో ఒడిశాలో దాదాపు పది లక్షల మందిని బలిగొన్న కరువులో దొరతనం బియ్యం తెప్పించడానికి ఆలస్యం చేసింది. తీరా తెప్పించే వేళకు వానలు ముంచుకొచ్చి, రేవుల నుంచి లోపలి ఊళ్లకు దారులు మూసుకుపోయాయి. సూడాన్‌లో ఈనాటి కరువు యుద్ధం తెచ్చిపెట్టినది.

రాయగడ, కోరాపుట్, గజపతి జిల్లాల కొండ ఊళ్లలో ఆకలికి ఒక కాలం ఉంది. పాత గింజలు జూలై, ఆగస్టు నాటికి అడుగంటుతాయి. కొత్త చోళ్లు (రాగులు), వడ్లు చేతికి రావాలంటే దసరా దాటాలి. వాగులు పొంగేది, మలేరియా, విరేచనాలు విజృంభించేది కూడా ఆ నెలల్లోనే. విరేచనాలు పట్టుకున్న బిడ్డకు తిన్నది ఒంటబట్టదు. ఒంట్లో బలం లేని బిడ్డను విరేచనాలు మళ్లీ పట్టుకుంటాయి. ఈ సుడిలో చిక్కిన పసివాళ్లకు ఒక్క బియ్యం జావతో సరిపోదు. వంద గ్రాముల చోళ్లలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే, బియ్యంలో పది మిల్లీగ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. ఒడిశా ప్రభుత్వం 2017లో చిరుధాన్యాల పథకం మొదలుపెట్టి, రైతుల దగ్గర చోళ్లు కొనడం అందుకే మంచి పని.

పిల్లల్లో ఆకలి కంటికి ఆనదు. వయసుకు తగ్గ ఎత్తు పెరగని బిడ్డ చూడటానికి చిన్నగా, చక్కగానే ఉంటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒడిశాలో అయిదేళ్లలోపు పిల్లల్లో 31 శాతం మంది అలాంటివారే. ఒక్కసారిగా చిక్కిపోయిన బిడ్డను గుర్తించడానికి అంగన్‌వాడీలో ఒక రంగుల పట్టీ ఉంటుంది. ఆరు నెలలు నిండి అయిదేళ్లలోపున్న బిడ్డ ఎడమ చేతికి, భుజానికీ మోచేతికీ సరిగ్గా మధ్యన, బిగించకుండా చుట్టి చూస్తారు. చుట్టుకొలత 12.5 సెంటీమీటర్లో అంతకు మించో ఉంటే ఆకుపచ్చ, అంతకు తగ్గితే పసుపు. 11.5 కన్నా తగ్గితే ఎరుపు, అంటే ప్రాణాపాయం. వైద్య పరికరాల్లో ఇంత చవకగా ఇన్ని ప్రాణాలు కాపాడేది మరొకటి ఉందా అనిపిస్తుంది నాకు.

మనం చేయగలిగినది చాలా ఉంది. కంచంలో అన్నం పారేయకపోవడం మంచిదే కానీ, ఆ మెతుకులు వాటంతట అవి సూడాన్‌కు చేరవు. దూరదేశాలకు సాయం చేయదలిస్తే సరుకులకన్నా డబ్బు పంపడం మేలు. సహాయ సంస్థలు దగ్గరి మార్కెట్లలోనే గింజలు కొంటాయి, రవాణా ఖర్చు మిగులుతుంది, అక్కడి రైతుకూ నాలుగు డబ్బులు వస్తాయి. దగ్గరివాళ్లకైతే కాగితాల సాయం కావాలి. 2013 ఆహార భద్రతా చట్టం కింద అర్హులైన కుటుంబాల్లో మనిషికి నెలకు అయిదు కిలోల ధాన్యం రావాలి. ఈ ఒడిశా జిల్లాల నుంచి ఆంధ్ర, తెలంగాణ ఇటుక బట్టీలకు వలసపోయినవాళ్లు తమ ఒడిశా కార్డుతోనే అక్కడి రేషన్ దుకాణంలో బియ్యం తీసుకోవచ్చు. ఆ సంగతి వాళ్లలో చాలామందికి తెలియదు. ఆధార్‌లో పేరు తప్పుగా పడినా, వేలిముద్ర పడకపోయినా ఊరుకుంటారు. ఒడియా, తెలుగు రెండూ వచ్చిన మనవాళ్లు ఒక పూట వాళ్ల వెంట వెళ్లి మాట్లాడితే నెలనెలా బియ్యం వస్తుంది.

పట్టీ ఎరుపు చూపిన బిడ్డ నీరసంగా ఉన్నా, తిండి ముట్టకపోయినా, జ్వరం, విరేచనాలు ఉన్నా పోషకాహార పునరావాస కేంద్రంలో చేర్చాలి. తల్లి బిడ్డతో సుమారు రెండు వారాలు అక్కడే ఉండాలి. చాలామంది తల్లులు మధ్యలోనే వచ్చేస్తారు. కూలి పోతుంది, ఇంటి దగ్గర మిగతా పిల్లలకు వండిపెట్టేవాళ్లు ఉండరు. ఆ రెండు వారాలు ఆ పిల్లలకు పక్కింటివాళ్లు అన్నం పెడితే, తల్లి బిడ్డ కోలుకునేదాకా అక్కడ ఉండగలుగుతుంది.