కుక్కపిల్లను తెచ్చుకునే ముందు: జాతి స్వభావంపై అపోహలు - వాస్తవాలు

నా దగ్గరికి ట్రైనింగ్‌కు వచ్చే కుక్కల్లో చాలావాటికి పొగరూ లేదు, జబ్బూ లేదు. వాటి జాతిని ఏ పని కోసం తయారుచేశారో కొన్నవాళ్లకు ఎవరూ చెప్పలేదు. అసలు సమస్య అదే.

అపోహ: లాబ్రడార్ సాధువు, ఎవరింట్లోనైనా ఇమిడిపోతుంది.

వాస్తవం: కలుపుగోలుతనం మాట నిజమే. కానీ దీని పూర్వీకులు కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరంలో జాలర్లతో పాటు చన్నీళ్లలోకి దిగిన కుక్కలు. తర్వాత బ్రిటన్‌లో, వేటలో పడిన పక్షులను నోట కరచి తేవడానికి ఈ జాతిని తీర్చిదిద్దారు. అందుకే చెప్పులు, సాక్సులు, రిమోట్, ఏది దొరికినా నోట్లో పెట్టుకుంటుంది. అందుకని దాన్ని కొట్టడం అన్యాయం. బంతి విసిరి తెమ్మనండి, ఆ కోరిక అక్కడ తీరుతుంది. రెండేళ్లు దాటినా పసితనం పోదు, ఒళ్లు మాత్రం 30 కిలోలు. పొద్దున, సాయంత్రం నడిపించే ఓపిక ఎవరికీ లేకపోతే వద్దు. తిండి విషయంలోనూ జాగ్రత్త. దాదాపు నాలుగో వంతు లాబ్రడార్లలో ఆకలిని పెంచే జన్యు మార్పు ఉందని 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు గుర్తించారు. పాపం, అలా చూస్తోందని ఇంకో ఇడ్లీ పెట్టకండి.

అపోహ: బీగిల్ చిన్నది, ఫ్లాట్‌కు సరిపోతుంది.

వాస్తవం: కుందేళ్ల వాసన పట్టి గుంపుగా తరిమే వేటకుక్క ఇది. వాసన తగిలిందంటే మీ పిలుపు చెవికెక్కదు. ఒంటరిగా వదిలి ఆఫీసుకెళ్తే దాని ఊళ అపార్ట్‌మెంట్ మొత్తానికీ వినిపిస్తుంది.

అపోహ: ఏసీ ఉంటే హస్కీని పెంచుకోవచ్చు.

వాస్తవం: సైబీరియాలో చుక్చీ ప్రజలు మంచులో బండ్లు లాగించడానికి పెంచిన జాతి అది. గదిని చల్లబరచగలం, దాని పరుగుకు చోటెక్కడ? మే నెల విజయవాడలో పగలు బయటికే తీసుకెళ్లలేం. అడిగినవాళ్లందరికీ వద్దనే చెబుతాను.

అపోహ: జాతి తెలిస్తే కుక్క తెలిసినట్టే.

వాస్తవం: 18 వేలకు పైగా కుక్కల వివరాలతో 2022లో వెలువడిన అధ్యయనం ప్రకారం, కుక్కకూ కుక్కకూ ప్రవర్తనలో ఉండే తేడాల్లో జాతి వల్ల వచ్చేది 9 శాతమే. జాతి చెప్పేది మొగ్గు మాత్రమే. అందుకే పిల్లతో పాటు తల్లినీ చూపించమని పట్టుబట్టండి. మనుషులను చూసి తల్లి వణుకుతుంటే ఆ పిల్లను తీసుకోవద్దు. సుమారు 3 నుంచి 14 వారాల మధ్య చూసిన మనుషులు, విన్న చప్పుళ్లు కుక్కకు జీవితాంతం పనికొస్తాయి. బోనులోనే పెరిగిన పిల్లకు ఆ అవకాశం దక్కదు. 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదని 2017 నాటి కేంద్ర నిబంధనలే చెబుతున్నాయి. నెల పిల్లను చేతిలో పెడితే తిరిగి ఇచ్చేయండి.