ఆల్చిప్ప నేర్పిన వంపు

చిరంజీవి చిన్నూకి,

తాతయ్య ఆశీస్సులు. మొన్న ఫోన్‌లో అడిగావు కదా, "బేస్‌బాల్‌లో బంతి నేలను తాకకుండానే గాల్లో ఎలా వంకర పోతుంది తాతయ్యా?" అని. నాకు ఆ రాత్రంతా అదే ధ్యాస.

1863 వేసవిలో అమెరికాలోని బ్రూక్లిన్ సముద్రపు ఒడ్డున కొందరు పిల్లలు ఆల్చిప్పలు విసురుతూ ఆడుకుంటున్నారు. అవి కాస్త దూరం తిన్నగా పోయి పక్కకు ఒరిగిపోతున్నాయి. వాళ్లలో పద్నాలుగేళ్ల విలియం ఆర్థర్ కమింగ్స్ అనే కుర్రాడికి అనిపించిందట: బంతిని కూడా ఇలా వంచితే?

స్నేహితులు నవ్వారు. అతను మాత్రం నాలుగేళ్లు పట్టు వదల్లేదు. అప్పట్లో పిచ్చర్, అంటే బ్యాట్ పట్టుకున్నవాడికి బంతి విసిరేవాడు, చెయ్యి పైకి లేపకూడదు, నడుము కింది నుంచే విసరాలి. మనిషేమో బక్కపలచన, బరువు సుమారు 54 కిలోలు. ఉన్న బలమంతా మణికట్టులోనే. 1867లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం జట్టు మీద ఆడుతుంటే బంతి వంగింది, బ్యాట్ గాలిని కొట్టింది. అందరికీ అరిచి చెప్పాలనిపించినా పైకి ఒక్క మాట అనలేదని తర్వాత తనే రాసుకున్నాడు. నవ్వినవాళ్ల కోసం చేతిలో పని పారేయకూడదు నాన్నా.

ఇక వంపు సంగతి. గోదావరి మీద పడవను తలుచుకో. నీ వయసులో మా రేవులో పడవతాతని బతిమాలి తెడ్డు పట్టుకున్నాను. తడిసిన కర్ర అరచేతిలో వణికేది. వెనక నీళ్లు సుడులు తిరుగుతూ ఎడమకు పోతే పడవ వెనక భాగం కుడికి జరిగేది. బేస్‌బాల్ బంతికి దాని మీదుండే ఎర్రటి కుట్లే తెడ్లు. గిర్రున తిరుగుతూ వెనకున్న గాలిని ఒక పక్కకు నెట్టి, తాను రెండో పక్కకు పోతుంది. పడవకు నీళ్లు, బంతికి గాలి. ఆ సుడులు కంటికి కనబడవు, అంతే తేడా.

కమింగ్స్ 1872 నుంచి 1877 దాకా ప్రొఫెషనల్ లీగుల్లో ఆడి 145 ఆటలు గెలిచాడు. 1876లో ఒకే రోజు రెండు ఆటలూ మొదటి నుంచి చివరిదాకా తనే బంతి వేసి గెలిచాడు! ఆట మానేశాక మసాచుసెట్స్‌లో రంగులు, వాల్‌పేపర్లు అమ్ముకుని బతికాడు. 1924లో పోయాడు. బేస్‌బాల్ మేటి ఆటగాళ్ల పేరిట ఫలకాలు పెట్టే హాల్ ఆఫ్ ఫేమ్‌లో పేరు చేరింది 1939లో. ఆ ఫలకం ఆయన చూడలేదు. నాకు అదొక్కటే బాధ.

ఈ ఆదివారం నాన్నని సముద్రం ఒడ్డుకు తీసుకెళ్లమను. పల్చటి ఆల్చిప్ప ఏరుకుని బోర్లించి ఒకసారి, వెల్లకిలా ఒకసారి విసిరి చూడు. ఎటు ఒరిగిందో నాకు రాయి.

ప్రేమతో,
తాతయ్య