పొడుగు పదం రాస్తే బ్యాండ్ పెరుగుతుందా? ఐఈఎల్‌టీఎస్ అపోహలు - వాస్తవాలు

"సార్, రైటింగ్‌లో పెద్ద పెద్ద పదాలు వాడితేనే 7 ఇస్తారంట కదా?" విదేశాలకు వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్, అందులో వచ్చే స్కోరే బ్యాండ్. దానికి కోచింగ్ ఇచ్చే నాకు ప్రతి బ్యాచ్‌లోనూ ఇదే ప్రశ్న. ఎవరు చెప్పారని అడిగితే వాట్సాప్‌లో వచ్చిన పీడీఎఫ్ చూపిస్తారు. ఆ పీడీఎఫ్ పుణ్యమా అని రెండోసారి పరీక్ష ఫీజు కట్టినవాళ్లు నా క్లాసులోనే ఉన్నారు.

అపోహ: పదం ఎంత పొడుగైతే మార్కులు అంత ఎక్కువ.

వాస్తవం: రైటింగ్‌లో నాలుగు అంశాలు చూస్తారు, నాలుగింటికీ సమాన విలువ. పదసంపద అందులో ఒకటి మాత్రమే. అక్కడ కూడా పదం సరైన చోట పడిందా లేదా అన్నదే ముఖ్యం. పొడుగు కోసం వెతికినప్పుడే ఒకేలా కనిపించే పదాలు తారుమారవుతాయి. 'ఎకనామిక్' అంటే ఆర్థికపరమైన. మనవాళ్లకు ఎందుకో 'ఎకనామికల్' ఇంకాస్త దర్జాగా అనిపిస్తుంది. దాని అర్థం పొదుపైనది, ఖర్చు తక్కువయ్యేది. 'ఎకనామికల్ క్రైసిస్' అని రాస్తే చవకలో వచ్చిన సంక్షోభం అన్నమాట! 'ఇండస్ట్రియల్ ఏరియా' అంటే పరిశ్రమలున్న చోటు, 'ఇండస్ట్రియస్' అంటే కష్టపడి పనిచేసే అని. 'కన్సిడరబుల్ అమౌంట్' పెద్ద మొత్తం. దాన్నే 'కన్సిడరేట్ అమౌంట్' అంటే ఎదుటివాళ్ల కష్టం అర్థం చేసుకునే డబ్బు. అలాంటి డబ్బు ఎక్కడుందో నాకూ చెప్పండి.

యూకే వెళ్లాలని ఒక నర్సు మా దగ్గర చేరింది. అక్కడి నర్సింగ్ కౌన్సిల్‌కు రైటింగ్‌లో 6.5, మిగతా మూడింటిలో (లిజనింగ్, రీడింగ్, స్పీకింగ్) 7 కావాలి. ఆ మూడూ వచ్చేశాయి, రైటింగ్ దగ్గరే ఆగిపోయింది. వ్యాసం చూస్తే వాక్యానికో బరువైన మాట, సగం తప్పు చోట. వార్డు సంగతులు అడిగితే మాత్రం గడగడా చక్కటి ఇంగ్లిష్‌లో చెప్పింది. "ఇలాగే రాయమ్మా" అన్నాను. "చిన్నపిల్లల ఇంగ్లిష్‌లా ఉంటుందేమో సార్" అని బెదిరిపోయింది. పాపం, మళ్లీ ఫీజుకు ఇంట్లో చెయ్యి చాపాలన్న టెన్షన్ ఆమెది. చివరికి తనకు వచ్చిన మాటలతోనే రాసింది. ఇప్పుడు అక్కడే డ్యూటీ చేస్తోంది.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ఒక్క తప్పుకే బ్యాండ్ ఏమీ పోదు, 7 స్థాయిలోనూ అడపాదడపా తప్పులు ఉండొచ్చని బ్యాండ్ వివరణలోనే ఉంది. లిజనింగ్‌లో మాత్రం స్పెల్లింగ్ తప్పితే ఆ మార్కు పోయినట్టే. బ్రిటిష్, అమెరికన్ స్పెల్లింగుల్లో ఏదైనా ఫర్వాలేదు, రెండూ కలపకండి. 'లెండ్' అప్పివ్వడం, 'బారో' తీసుకోవడం. 'సిన్స్ టూ ఇయర్స్' అనేది ఇంగ్లిష్‌లో లేదు. 'ఫర్ టూ ఇయర్స్' అనండి, లేదా మొదలైన ఏడాది పెట్టి 'సిన్స్ 2022' లాగా అనండి.