లేజర్ రేకును కాల్చదు, కొడుతుంది

విజయవాడ ఆటోనగర్‌లో పెరిగినవాణ్ణి. రేకు పని అంటే నాకు ముందు గుర్తొచ్చేది సుత్తి చప్పుడే. ఇప్పుడు ల్యాబ్‌లో నేను చేసేదీ రేకు పనే. కాకపోతే మా రాగి రేకు మందం 20 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), వెంట్రుక కన్నా పలచన. ఊపిరి గట్టిగా వదిలినా ఎగిరిపోతుంది. దీన్ని సాగగొట్టే సుత్తి లేజర్ పుట్టించే షాక్ వేవ్, అంటే ఒక్కసారిగా దూసుకెళ్లే ఒత్తిడి అల.

అపోహ: లేజర్ వేడికి రేకు మెత్తబడి వంగుతుంది.

వేడితో వంచే పద్ధతి వేరే ఉంది. ఇక్కడ లేజర్ అసలు లోహాన్ని తాకకూడదు. రేకు మీద నల్ల పెయింటు పూస్తాం. కొన్ని నానోసెకన్ల (నానోసెకను అంటే సెకనులో వంద కోట్లవ వంతు) లేజర్ పల్స్ పడగానే ఆ పూత పైపొర ఆవిరై ప్లాస్మా, అంటే విద్యుదావేశం నిండిన వేడి వాయువు అవుతుంది. అది ఒక్కసారిగా ఉబ్బి కొట్టే దెబ్బే రేకును కింది అచ్చులోకి దింపుతుంది. వన్‌టౌన్‌లో కంసాలి పల్చటి రేకును అచ్చు మీద పెట్టి కొట్టినట్టే. పై అచ్చు అక్కర్లేదు. మైక్రాన్ల కొలతలో రెండు అచ్చులను ఒకదానికొకటి సరిగ్గా కూర్చోబెట్టడం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుసు.

ఒకసారి నా పూత ఓ మూల పలచబడింది. మైక్రోస్కోపు కింద చూస్తే ఆ మూల మాత్రం రాగి కరిగి గుంటలు పడింది, మిగతాదంతా నున్నగా ఉంది. వేడి ఎక్కడ ఆగాలో ఆ ఒక్క రేకు నాకు నేర్పింది.

అపోహ: పూత పైన నీటి పొర ఉంచేది చల్లబరచడానికి.

దీపావళికి లక్ష్మీబాంబు మీద డబ్బా బోర్లిస్తే ఏమవుతుందో పిల్లలందరికీ తెలుసు. విడిగా పేలితే చప్పుడే, మూస్తే డబ్బా ఎగురుతుంది. ప్లాస్మాకు ఆ మూత మా నీటి పొర. కొన్నిచోట్ల గాజు పలక పెడతారు. ఇలా పారదర్శక పొరతో మూస్తే ఒత్తిడి ఎన్నో రెట్లు పెరుగుతుందని 1970లో అమెరికాలో ఆండర్‌హోమ్ అనే పరిశోధకుడు చూపించాడు. ఇప్పుడు మేము మాట్లాడేది గిగాపాస్కల్స్‌లో. ఒక గిగాపాస్కల్ అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి దాదాపు 10,000 రెట్లు. అలాగని లేజర్ పెంచుకుంటూ పోతే నీళ్లలోనే మెరుపు పుట్టి కాంతిని కిందికి రానివ్వదు.

అపోహ: ఇంత దెబ్బకు బోలెడు కరెంటు కావాలి.

ఒక పల్స్‌లో ఒక జౌల్ చాలు. 100 గ్రాముల జామకాయను మీటరు ఎత్తు లేపేంత శక్తి. అదే 10 నానోసెకన్లలో ఇస్తే 10 కోట్ల వాట్లు.

అపోహ: పెద్ద రేకు లెక్కలే చిన్నదానికీ సరిపోతాయి.

మమ్మల్ని ఎక్కువ ఏడిపించేది ఇదే. మిల్లీమీటరు రేకు మందంలో లోహపు గ్రెయిన్లు, అంటే లోహంలోని చిన్న చిన్న స్ఫటికాలు, పదుల కొద్దీ ఉంటాయి. అనీల్ చేసిన (వేడిచేసి మెత్తబరచిన) 20 మైక్రాన్ల రేకులో ఒకటో రెండో. బస్తా బియ్యం కుమ్మరిస్తే కుప్ప ఒకే తీరుగా పడుతుంది, మూడు గింజలు వేస్తే తలో దిక్కుకూ దొర్లుతాయి. అందుకే ఒకే పల్స్, ఒకే అచ్చు అయినా ఒక రేకు చక్కగా దిగుతుంది, పక్కది అంచు దగ్గర చిరుగుతుంది. అలా చిరిగినవి కూడా నేను పారెయ్యను, నంబరు రాసి దాస్తాను.

అపోహ: కనబడని కాంతి ఏం చేస్తుంది?

మేము వాడే 1064 నానోమీటర్ల కాంతి కంటికి కనిపించదు, కానీ రెటీనా దాకా నేరుగా వెళ్తుంది. రెప్ప వేసే టైమ్ కూడా ఉండదు. ఉంగరం మీద పడి తిరిగొచ్చిన కిరణమైనా చాలు, కన్ను దెబ్బతినడానికి. మా ల్యాబ్ పిల్లలు వాచీ, ఉంగరం తలుపు బయట డబ్బాలో పెట్టి, గాగుల్స్ పెట్టుకున్నాకే లోపలికి వస్తారు.