'జాతి' అన్న మాట దగ్గరే చిక్కు

బైబిల్లోని ఆదికాండము మొదటి అధ్యాయంలో 'జాతి ప్రకారము' అనే మాట పదే పదే వస్తుంది. జీవశాస్త్ర పాఠంలోనూ 'జాతి' అనే అంటాం. రెండుచోట్లా ఒకే మాట కనబడేసరికి, దేవుడు ఒక్కో జాతినీ ఇప్పుడున్నట్టే చేసి చుట్టూ గిరి గీశాడని చాలామంది అనుకుంటారు. హీబ్రూలో ఆ మాట 'మీన్'. లేవీయకాండము 11వ అధ్యాయంలో మిడతల్లోని రకాలకూ అదే వాడారు, ఆదికాండములో రెక్కలున్న పక్షులన్నిటికీ కలిపి అదే వాడారు. కాబట్టి అది వర్గీకరణలో ఒక మెట్టు కాదు, 'రకరకాలుగా' అన్నట్టు వాడిన మాట. జీవులు మారవని ఆ వాక్యం ఎక్కడా చెప్పలేదు.

జీవులు తరాల మీద మారడం, అంటే పరిణామం, కొలతలతో సహా దొరికిన చోటు పసిఫిక్ సముద్రంలోని గలపాగోస్ దీవుల్లో ఒకటైన డాఫ్నే మేజర్. అక్కడ జీవశాస్త్రవేత్తలు పీటర్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతుల బృందం గింజలు తినే ఫించ్ అనే చిన్న పక్షుల కాళ్లకు రింగులు తొడిగి, ఒక్కోదాని ముక్కు మందం కొలిచి రాసుకుంది. 1977లో కరువొచ్చింది. మెత్తటి చిన్న గింజలు ముందు అయిపోయాయి. పల్లేరు జాతి ముళ్లకాయలు మిగిలాయి. వాటిని పగలగొట్టాలంటే మందపాటి ముక్కు కావాలి. నూటికి 85 దాకా పక్షులు కనుమరుగయ్యాయి. మిగిలినవాటి ముక్కు మందం సగటున సుమారు అర మిల్లీమీటరు ఎక్కువ. ఆ మందం పిల్లలకూ వచ్చింది. ఇక్కడే చాలామంది పొరబడతారు: కరువులో ఏ పక్షి ముక్కూ పెరగలేదు, సన్నముక్కువి ఎక్కువగా చనిపోయాయి, అంతే. 1983 నాటి భారీ వానలకు చిన్న గింజలు విరివిగా కాసినప్పుడు చిన్న ముక్కులకే మేలు జరిగింది.

'ఇదంతా ఒక రకం లోపలి మార్పే' అని కొందరు సర్దుకుంటారు. బైబిలు జలప్రళయ కథలోని నోవహు ఓడలోకి ఒక్క పిల్లి జంట ఎక్కితే చాలు, సింహం, పులి, ఇంటి పిల్లి అన్నీ దాని సంతానమే అంటారు. అలాగైతే దాదాపు 40 జాతులు నాలుగైదు వేల ఏళ్లలోనే పుట్టాలి. జన్యువుల లెక్క ప్రకారం అందుకు పట్టింది సుమారు కోటి ఏళ్లు. పైగా ఒక జంటలో ఒక్కో జన్యువుకు నాలుగు రూపాలకు మించి ఉండవు, మిగతా వైవిధ్యమంతా ఆ తర్వాతే పుట్టాలి. పరిణామాన్ని కాదనబోయి, ఏ జీవశాస్త్రవేత్తా అడగనంత వేగంగా అది జరిగిందని ఒప్పుకోవాల్సి వస్తోంది. ఈ దారి విశ్వాసానికి ఏ మేలూ చేయదని నా అభిప్రాయం.

మొదటి అధ్యాయం 24వ వచనం చూడండి. జంతువులను 'భూమి పుట్టించుగాక' అని ఉంది. ఆజ్ఞ భూమికి! సృష్టిలో దేవుడు విత్తనాల్లాంటి శక్తులు ఉంచాడనీ, అవి కాలక్రమంలో విచ్చుకుంటాయనీ 5వ శతాబ్దం మొదట్లోనే క్రైస్తవ వేదాంతి అగస్టీన్ రాశాడు. ఆయన పరిణామవాది కాడు, జాతి నుంచి జాతి పుడుతుందని అనలేదు. అయినా సృష్టిలో ప్రతిదీ మొదట్లోనే పూర్తి రూపంలో వచ్చేసిందని మాత్రం ఆయన భావించలేదు.

ఆదాము ఎవరు, మరణం ఎప్పుడు మొదలైంది అన్నవి ఇంతకంటే కష్టమైన ప్రశ్నలు. వాటిమీద విశ్వాసుల మధ్యే ఏకాభిప్రాయం లేదు. పక్షి ముక్కు కొలతలతో అవి తేలేవి కావు.