తీరం మీద రాడార్, సముద్రం మీద బాణాలు: కొన్ని అపోహలు, అసలు విషయాలు

తీరానికి దగ్గర్లో సముద్రం ఎటు పారుతోందో గంటగంటకీ బాణాలతో చూపించే మ్యాప్‌లు ఇప్పుడు ఎవరైనా ఫోన్‌లో చూడొచ్చు, వాటిలో చాలా వాటి వెనక ఉండేది ఒడ్డున నిలబెట్టిన హెచ్.ఎఫ్. (హై ఫ్రీక్వెన్సీ రేడియో తరంగాలు వాడే) రాడార్లు. నా పని వాటి డేటాతోనే. ఆ బాణాల్ని కొందరు గుడ్డిగా నమ్మేస్తారు, కొందరు కంప్యూటర్ బొమ్మలే కదా అని కొట్టిపారేస్తారు, రెండూ వినీ వినీ ఇది రాస్తున్నా.

అపోహ: రాడార్ నీటి కదలికని నేరుగా చూస్తుంది.

లేదండి, అది చూసేది అలల్ని. రాడార్ తరంగం పొడవులో సరిగ్గా సగం పొడవున్న అలలు ఉంటాయి కదా, వాటి నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వనులన్నీ ఒకదానికొకటి కలిసొచ్చి బలంగా వినిపిస్తాయి, దీన్నే బ్రాగ్ స్కాటరింగ్ అంటారు. 1955లో న్యూజిలాండ్‌లో డగ్లస్ క్రాంబీ ఈ సంగతి పట్టుకున్నాడు, ఈ రంగమంతా అక్కణ్ణుంచే మొదలైంది. 13.5 మెగాహెర్ట్జ్ రాడార్ తీసుకుంటే తరంగం పొడవు సుమారు 22 మీటర్లు, అంటే అది వెతికేది 11 మీటర్ల అలల్ని. లోతైన నీళ్లలో 11 మీటర్ల అల ఎంత వేగంతో పోతుందో ఫిజిక్స్ ముందే చెప్పేస్తుంది, సెకనుకి 4.2 మీటర్ల దాకా. కాబట్టి ప్రవాహం అస్సలు లేకపోతే డాప్లర్ స్పెక్ట్రంలో, అంటే కదలిక వల్ల ప్రతిధ్వని ఫ్రీక్వెన్సీ ఎంత మారిందో చూపే గ్రాఫ్‌లో, సున్నాకి అటూఇటూ 0.375 హెర్ట్జ్ దగ్గర రెండు శిఖరాలు కనపడాలి, ఒకటి మనవైపు వచ్చే అలలది, ఇంకోటి దూరంగా పోయే అలలది. ఇప్పుడు స్క్రీన్ మీద అవి 0.395 దగ్గరా మైనస్ 0.355 దగ్గరా ఉన్నాయనుకోండి, రెండూ ఒకే వైపుకి 0.02 జరిగాయి. ఆ జరిగిన కాస్తే ప్రవాహం: సెకనుకి 22 సెంటీమీటర్లు, రాడార్ వైపుకి. కదిలే రైల్లో నడుస్తున్న మనిషి వేగం బయట నుంచి కొలిచి, అతని నడక వేగం తీసేస్తే రైలు వేగం మిగిలినట్టన్నమాట. ఇంత చిన్న తేడా తెలియాలంటే ఒకే చోటిని నిమిషాల తరబడి వింటూ ఉండాలి, అందుకే ఫొటో తీసినట్టు క్షణంలో అయిపోయే పని కాదిది.

దీన్నుంచే ఇంకో విషయం కూడా వస్తుంది. సముద్రం పూర్తిగా ప్రశాంతంగా ఉంటే రాడార్‌కి బాగా కనిపిస్తుందని అనుకుంటారు గానీ జరిగేది ఉల్టా, ఆ పొడవు అలలు లేకపోతే ప్రతిధ్వనే ఉండదు. 5 మెగాహెర్ట్జ్ రాడార్‌కైతే 30 మీటర్ల అలలు కావాలి, అవి పుట్టాలంటే గాలి కాసేపు గట్టిగానే వీయాలి.

అపోహ: ఒడ్డు నుంచి హొరైజన్ దాకానే కనిపిస్తుంది.

మామూలు నౌకల రాడార్‌కి అది నిజమే. హెచ్.ఎఫ్. తరంగాలు మాత్రం ఉప్పునీటిని పట్టుకుని భూమి వంపు వెంటే పోతాయి, 5 మెగాహెర్ట్జ్ దగ్గర 200 కిలోమీటర్ల దాకా, 25 దగ్గర 40, 50 దాకా. ఉప్పు తగ్గితే రేంజ్ పడిపోతుంది, మంచినీటి సరస్సుల మీద దీంతో అంత దూరం చూడలేం. రాత్రిళ్లు అయనోస్పియర్ (రేడియో తరంగాల్ని వెనక్కి పంపే పైవాతావరణ పొర) మీద నుంచి దూరదేశాల రేడియో సిగ్నల్స్ వచ్చి పడి కూడా రేంజ్ తగ్గుతుంది, రాత్రి మ్యాప్‌లో ఖాళీలు కనపడితే మెషీన్ పాడైందని కంగారు పడక్కర్లేదు.

అపోహ: ఒక్క స్టేషన్ చాలు.

ఒక్క స్టేషన్ చెప్పేది తన వైపు వస్తోందా, దూరంగా పోతోందా అనే ముక్క మాత్రమే, అడ్డంగా పారేది దానికి తెలీదు. అందుకే రెండు స్టేషన్లు వేరే వేరే కోణాల్లోంచి చూడాలి. ఆ రెండింటినీ కలిపే గీత మీద మాత్రం ఇద్దరూ చూసేది ఒకే దిశ కాబట్టి అక్కడి బాణాల్ని నమ్మలేం, మరీ దూరంలోనూ అంతే. మ్యాప్‌లో అన్ని బాణాలూ ఒకే మందం గీతతో గీస్తారు, అన్నిటి నాణ్యత ఒకటే అనిపిస్తుంది, నాకు అస్సలు నచ్చని విషయం ఇది.

అపోహ: యాంటెన్నా పాతేసి ఆన్ చేస్తే డేటా వచ్చేస్తుంది.

డేటా వస్తుంది, వచ్చింది సరైనదా అన్నదే ప్రశ్న. దిశ కనుక్కునే పద్ధతులు రెండున్నాయి. వేరా అనే రకం రాడార్ లాంటి వాటిలో యాంటెన్నాల్ని వరసగా నిలబెట్టి బీమ్‌ని తిప్పుతారు. సీసోండ్ అనే ఇంకో రకంలో ఒకే స్తంభం మీద రెండు లూపులూ ఒక మోనోపోలూ (నిటారు కడ్డీ యాంటెన్నా) ఉంటాయి, వాటి సిగ్నల్స్‌లో తేడాలు చూసి లెక్కగడతారు, చోటు తక్కువ పడుతుంది గానీ యాంటెన్నా ఏ దిక్కుకి ఎలా స్పందిస్తుందో కచ్చితంగా తెలిసుండాలి. పక్కన ఒక ఇనుప కంచె ఉన్నా, తర్వాత ఎవరో లైట్ స్తంభం పాతినా ఆ స్పందన వంకర పోతుంది. దిశలో 10 డిగ్రీలు తేడా వస్తే 50 కిలోమీటర్ల దూరంలో ఆ ప్రవాహాన్ని దాదాపు 9 కిలోమీటర్లు పక్కన గీసేస్తాం, వేగం కరెక్టే, చోటు తప్పు. అందుకే పడవ మీద ట్రాన్స్‌పాండర్ (రాడార్ సిగ్నల్‌కి బదులు పంపే పరికరం) పెట్టుకుని స్టేషన్ చుట్టూ సముద్రంలో అర్ధచంద్రాకారంగా తిరుగుతారు, ఒక పక్క జీపీఎస్ పడవ ఎక్కడుందో రాసుకుంటూ ఉంటుంది, ఇంకో పక్క యాంటెన్నా దాన్ని ఎక్కడ విన్నదో రికార్డవుతుంది, రెండూ పోల్చి ప్యాటర్న్ గీస్తారు. ఖర్చని, అలలు ఎక్కువున్నాయని వాయిదా వేసే పని ఇదే, వెయ్యకూడని పనీ ఇదే. చుట్టుపక్కల కొత్తగా ఏదైనా కట్టారంటే మళ్లీ చెయ్యాల్సిందే.

అపోహ: డ్రిఫ్టర్‌తో కలవలేదు కాబట్టి రాడార్ తప్పు.

డ్రిఫ్టర్ (ప్రవాహంతో పాటు కొట్టుకుపోతూ తన చోటు చెప్పే తేలే పరికరం) ఒక చోట ఒక క్షణం చెప్తుంది, రాడార్ కొన్ని చదరపు కిలోమీటర్ల మీద గంట సగటు చెప్తుంది. 13.5 మెగాహెర్ట్జ్ దగ్గర రాడార్ కొలిచే లోతు పైపైన 1 మీటరే, 5 దగ్గర 2 మీటర్లు దాటి. సముద్రం అడుగున పెట్టిన ఏడీసీపీ (శబ్దంతో ప్రవాహాన్ని కొలిచే పరికరం) అయితే సరిగ్గా ఆ పై పొరనే చూడలేదు. ఇన్ని తేడాలుండగా సెకనుకి 10 సెంటీమీటర్లు అటూఇటూ రావడం మామూలే. నీళ్లలో పడ్డ మనిషిని వెతకడానికీ, ఒలికిన నూనె ఎటుపోతుందో చెప్పడానికీ ఆ పై మీటరే కావాలి, అమెరికా కోస్ట్ గార్డ్ గాలింపు సాఫ్ట్‌వేర్‌లో ఈ డేటా వాడేది అందుకే. అడుగు 10 మీటర్ల లోతు దాకా నీళ్లలో ఉండే పెద్ద ఓడకి అదే సంఖ్య ఇచ్చేస్తే మాత్రం తప్పు.

శాటిలైట్లు ఉండగా ఇవెందుకని కూడా అడుగుతారు. శాటిలైట్ మీదుండే ఆల్టిమీటర్ కొలిచేది నీటి ఎత్తు, దాని వాలు నుంచి ప్రవాహం లెక్కగడతారు, భూమధ్యరేఖ దగ్గర ఆ లెక్క పనిచేయదు, తీరం దగ్గర కష్టం. 2022 డిసెంబర్‌లో వెళ్లిన స్వాట్ అనే శాటిలైట్ 120 కిలోమీటర్ల వెడల్పున అద్భుతంగా చూస్తుంది గానీ అదే దారిలో మళ్లీ రావడానికి దానికి 21 రోజులు పడుతుంది, ఆటుపోట్లు దాదాపు 12 గంటలకోసారి తిరిగొచ్చే చోట గంటగంటకీ చూసే పని ఒడ్డునున్న రాడార్‌దే.

సునామీని ముందే చెప్పడానికి ఈ రాడార్లే చాలనుకోవడమూ అపోహే. 2011 మార్చి 11 సునామీ ప్రవాహాలు జపాన్‌లోనూ అమెరికాలోనూ ఈ రాడార్లలో కనిపించాయి, నిజం. లోతు తక్కువున్న చోటే అవి బలంగా కనపడతాయి కాబట్టి హెచ్చరించడానికి దొరికే సమయం అక్కడి సముద్రం అడుగు ఎంత దూరం లోతు లేకుండా ఉందన్నదాని మీద ఉంటుంది, కొన్ని తీరాల్లో అది చాలా తక్కువ. అందుకే భూకంపాల్ని నమోదు చేసే కేంద్రాలకీ సముద్రం అడుగున పెట్టే ప్రెషర్ సెన్సర్లకీ ఇది తోడు, వాటి బదులు కాదు.

ఈ డేటా డౌన్‌లోడ్ చేసేవాళ్లు వేగం, దిశ కాలమ్స్‌తో ఆగకుండా పక్కనున్న జీడాప్ (స్టేషన్ల కోణాల వల్ల లెక్కలో తప్పు ఎంత పెరుగుతుందో చెప్పే సంఖ్య) కాలమ్ కూడా తెరవండి, రెండు స్టేషన్ల చూపులు ఏ కోణంలో కలిశాయో దాన్నిబట్టి తెలిసిపోతుంది, ఆ కోణం 30 డిగ్రీల లోపో 150 పైనో ఉంటే ఆ బాణాన్ని నేను వాడను.